ఆకుల వాన

మా మనవరాలికి ఫోనులో వాన చప్పుడు పెట్టుకుంటేగానీ నిద్ర పట్టదు. చిక్కబళ్ళాపురంలో నిజంగా వాన పడేటప్పుడు కిటికీలు బిడాయించుకునే పిల్ల, ఎండాకాలం మధ్యాహ్నం ఆ డబ్బావాన వింటూ హాయిగా కునుకు తీస్తుంటే నాకు నవ్వొస్తుంది గానీ, వినగా వినగా నా వేళ్ళు దుప్పటిని గీరడం మొదలుపెడతాయి. ఈ వయసులో ఇక దేన్నీ తలుచుకోవద్దనుకుంటాను, తలుచుకునే ఓపికా లేదు. వేళ్ళు నా మాట వినవు.

చింతామణి తాలూకాలో కెంచార్లహళ్ళికి దగ్గర మా ఊరు. ఆ వైపు పెరిగినవాళ్ళకు పట్టుపురుగుల గది గురించి నేను చెప్పక్కర్లేదు. ఎదిగిన పురుగులు వెడల్పాటి వెదురు తట్టల్లో మల్బరీ ఆకు మేస్తుంటే జోరున వాన కురుస్తున్నట్టే ఉంటుంది. వానకు మొహం వాచిన మా నేల మీద ఆ చప్పుడు కోసమే నేను ఆ గదిలో చేరేదాన్ని. తోడబుట్టినవాళ్ళు లేరు, నాయన అరుపులకు జడిసి ఈడుపిల్లలెవరూ మా గడప తొక్కేవాళ్ళు కాదు. ఖాళీ తట్టలో కూర్చుని కళ్ళు మూసుకుంటే వాన పెరిగి, వంక పొంగి, నేనెన్నడూ నిండుగా చూడని చిత్రావతి ఏటి దాకా ఆ తట్ట తేలిపోయేది, బాగేపల్లిలో అమ్మమ్మ వాకిట్లో ఆగేది. అందులో సగం చోటు అమ్మకని వదిలి ఒదిగి కూర్చునేదాన్ని.

నాయన ఇంట పులి, బయట పిల్లి. వీధిలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి తాగి ఇంటికొస్తే అమ్మను కొట్టేవాడు, అడ్డమొస్తే నన్నూ కొట్టేవాడు. అయితే పొగాకు వాసన తగిలితే పురుగు చస్తుందని, తాగినవాళ్ళు ఆ గడప దాటకూడదని మా వైపు కట్టుబాటు. దేవుడికి భయపడనివాడు పురుగులకు భయపడేవాడు, ఆయన తాగుడుకూ ఆ పంటే ఆధారం కదా. ఆయన వస్తున్న అలికిడి వినగానే అమ్మ నన్ను ఆ గదిలోకి తోసి తలుపు మూసేది.

ఒకసారి పట్టుగూళ్ళన్నీ అమ్ముడుపోయి తట్టలు ఖాళీ అయ్యాయి. అయినా లోపల పురుగులున్నాయనే గుర్తుగా గుమ్మానికి కట్టిన వేపమండను అమ్మ విప్పలేదు. కొత్త పురుగులు తెచ్చామని చెబితే, ఆ పని ఏనాడూ పట్టించుకోని నాయన నమ్మాడు. ఆ సాయంత్రం నన్ను లోపలికి పంపుతూ అమ్మ తట్టలో ఎండాకు పోసి, "వాన కురిపిస్తా ఉండమ్మా, నేను తలుపు తీసేదాకా ఆపొద్దు," అంది. ఆటనుకుని పది వేళ్ళతో ఆకులు గీరాను.

"యాడుండాది ఆ పిల్ల?" అని నాయన గొంతు వినిపించింది.

"పురుగులకు ఆకేస్తాండాది. బీడీతో లోపలికి పోతే పంట పోతాది," అంది అమ్మ.

ఆయన తలుపు దగ్గర నిలబడి కాసేపు విని, వెనక్కి మళ్ళాడు. నేను ఇంకా జోరుగా గీరాను, చిత్రావతి పొంగి పారింది.

ఆ చప్పుడు నాయన చెవిన పడటానికేనని నాకు పెళ్ళయ్యాక అర్థమైంది. బయట జరిగేది నా చెవిన పడకుండా ఉండటానికి కూడానని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మా వైపు తట్టలు పోయాయి, షెడ్లలో అరలు కట్టి కొమ్మలతోనే మేత వేస్తున్నారు. మా అమ్మాయి ఇంట్లో గొంతు పెంచే మగవాడు లేడు, అది చూసి సంతోషిస్తాను. అయినా మనవరాలు నిద్రపోయాక ఫోనులో వాన దానంతటదే ఆగిపోతే, తలుపు వైపు చూస్తాను. తట్టలో నేను వదిలిన చోట అమ్మ ఒక్కసారైనా వచ్చి కూర్చోలేదు.