నెమలి కంటి ఎర్రరాయి

నా చిన్నప్పుడు మట్టెవాడల మా ఇంటికి ఒక తుపాకి వచ్చింది. పేలేది కాదు, పాతకాలపుది. కట్టె నిండ వెండి తీగలు, దంతపు పువ్వులు. పిడి మీద ఒక నెమలి, దాని ఒంటికి ఎర్రరాళ్లు. దొర దాన్ని పట్నంల పాత వస్తువులు చూపెట్టే అజాయబ్‌ఘర్‌కు ఇస్తున్నడట. దారిల గీరుకపోకుంట మందపు గలీబు నేసి కుట్టమని గడీ గుమాస్తా మా తాతయ్యకు అప్పజెప్పిండు. తాతయ్య జంపఖానాలు నేసేటోడు. అమ్మా నాయిన లేని నన్ను ఆయనే సాకిండు.

నిజాం కాలమది. ఇంట్ల తుపాకి ఉన్నదంటె వాడకట్టంతా తొంగి చూసుడే. "మీ ముసలోడు దానితోని ఏం జేస్తాండే?" అని పక్కింటి అక్క నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. ఆమె అడగంగ అడగంగ నాకూ అనుమానం పట్టుకున్నది. ఆ సాయంత్రం తలుపు సందుల నుంచి చూస్తె, తాతయ్య సూదితోని నెమలి మీద గీకుతాండు. నన్ను చూసి "ముట్టకు, పో" అని కసిరిండు.

నాలుగొద్దులకు గుమాస్తా, ఠాణా జవానును వెంటబెట్టుకొని వచ్చిండు. గలీబు విప్పకముందే "నెమలి కంటి రాయేదిరా ముసలోడా?" అన్నడు. విప్పకముందే ఆయనకెట్ల తెలుసో నాకప్పుడు తట్టలే. తాతయ్య నోరు తెరిచేలోపలే నేనన్న, "సూదితోని గీకంగ నేను చూసిన."

జవాను తాతయ్య రెట్ట పట్టిండు. తాతయ్య నా దిక్కు ఒక్కసారి చూసిండు. ఆ చూపుల కోపం లేదు. దానికే నాకు ఏడుపొచ్చింది.

"జర ఆగు సాబ్" అని అటక మీదికెల్లి బిర్రుగైన గుడ్డ ఒకటి దించిండు. తుపాకి తెచ్చిన పొద్దే గంజిల ముంచిన ఆ గుడ్డను నెమలి మీద అద్ది, ఎండినంక ఊడదీసిండట. నేనప్పుడు నీళ్లకు పోయిన. గుడ్డ లోపలి దిక్కు ఒక్కొక్క రాయికి ఒక్కొక్క గుంట పడ్డది. కంటికాడ మాత్రం గుంట లేదు, బొడిపె ఉన్నది. రాయి లేని బొక్కలకు గుడ్డ దిగింది, అంటె తెచ్చిననాడే ఆ రాయి లేదు.

"అద్దేటప్పుడు తుపాకి గొట్టం పట్టుకున్నది మీరే గద" అన్నడు తాతయ్య గుమాస్తాతోని. "ఎండేదాంక అరుగు మీద పాన్ నమిలిండ్రు."

"అది కొలతకు అన్నవ్ గదరా!" అన్నడు గుమాస్తా.

"కొలతకే."

జవాను రెట్ట ఇడిచిపెట్టి గుమాస్తా మొఖం దిక్కు చూసిండు. నేను తొంగి చూసిన సాయంత్రం తాతయ్య సూదితోని తీసింది నెమలి రాళ్ల సందుల ఎండిన గంజి.

వాళ్లు పోయినంక నన్ను కొడ్తడనుకున్న. కొట్టలే. "చూసింది చెప్పినవ్, తప్పు లేదు బిడ్డా. ఏది చూడలేదో అది గూడ చెప్పాలె. తుపాకి తెచ్చినప్పుడు నేను ఇంట్ల లేను అంటె నీ నోరు అరుగునా?" అన్నడు.

నా పెనిమిటి పోయిన ఏడే మా వాడల ఒక కోడలి మీద బంగారం ఎత్కపోయిందని పంచాయితీ పెట్టిండ్రు. ఆ పిల్ల సందూక పెట్టె తెరవంగ చూసింది నేనే. నాకు సంతకం రాదు. తెరిచిందని రాసి వేలిముద్ర వెయ్యమన్నరు. పెట్టెల ముందుగాల బంగారం ఉన్నదో లేదో నేను చూడలే, అది గూడ రాయున్రి అన్న. పెద్దమనుషులు గుర్రుమన్నరు. రాసినంక చదివించుకొని, అప్పుడు పెట్టిన వేలు.