ఏ చేపకు ఏ దారం

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద పశువుల దాణా అమ్మే దుకాణం ఒకటుంది. ఈ ఉదయం హాస్టల్‌కి కూరగాయలు తెద్దామని అటు వెళ్తుంటే, దుకాణం ముందు కొత్త బస్తా విప్పి వేరుశనగ చెక్క కుప్ప పోస్తున్నారు. ఎండకు వేడెక్కిన ఆ వాసన ముక్కుకు తగలగానే నడుస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ నాది ఆ బాధ కాదు. నాకు అది చేపల ఎర వాసన. తగిలితే చాలు, ఏదో ముఖ్యమైనది మరిచిపోయి ఇంటి నుంచి బయల్దేరినట్టు గుండె దడదడలాడుతుంది. దుర్గాంటీ పోయి ఏళ్లు గడిచాయి, ఈ దడ మాత్రం పోలేదు.

దుర్గాంటీ అంటే చైతన్యపురిలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, ఆడపిల్లల హాస్టల్ నడిపిన మనిషి. కొల్లేటి పక్క ఊళ్లో పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేసే భర్త వెంట హైదరాబాద్ వచ్చి స్థిరపడింది. నేను ఇబ్రహీంపట్నం దిక్కు పల్లె నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని వచ్చి ఆమె హాస్టల్లో చేరాను. హాస్టల్ ఆంటీలంటే కాఫీలో నీళ్లు కలిపేవాళ్లు, గీజరు ఎంతసేపు వేశావని దెప్పేవాళ్లు అనుకునేదాన్ని. ఈమె గదిలోకి తొంగిచూస్తే దేవుడి క్యాలెండర్ ఉండాల్సిన గోడ మీద గాలపు కర్రలు వరసగా వేలాడుతున్నాయి. ఆదివారం పొద్దున్నే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నాదర్‌గుల్ దాటాక ఒక చెరువుకి పోయి చేపలు పట్టేది. చుట్టుపక్కల జనం నవ్వేవాళ్లు. "ఎవరి పిచ్చి వాళ్లకానందం అమ్మాయ్" అని ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది.

నేను పుట్టు పిరికిదాన్ని. తలుపు గడియ పెట్టానా లేదా, హాల్ టికెట్ సంచిలో ఉందా లేదా, అమ్మ ఫోన్ ఎత్తలేదంటే ఏమై ఉంటుంది, ఇదే నా రోజు. ఒక సాయంత్రం హాస్టల్ వంటగదిలోకి పోయి గ్యాస్ చూసి వస్తున్నాను, మళ్లీ పోతున్నాను, మళ్లీ వస్తున్నాను. ఆంటీ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ చూస్తోంది.

"ఏంటే పద్మా, ఆ తిరుగుడు?"

"గ్యాస్ బందైందా లేదా అని చూస్తున్న ఆంటీ. నాకెందుకో పరేషాన్ అయితుంది."

"వంట చేసింది వంటామె. కట్టేసింది కూడా ఆవిడే. కందకు లేని దురద కత్తిపీటకెందుకంట? రేపు ఆదివారం కదా, నాతో రా. ఆ పుస్తకాలు ఒక్క పూట నువ్వు చదవకపోతే చచ్చిపోవులే."

అలా మొదటిసారి వెళ్లాను. బయల్దేరే ముందు గోడ మీది కర్రల్లో నచ్చింది తీసుకోమంది. ఎర్రగా మెరుస్తున్నది ఒకటి చటుక్కున అందుకున్నాను. ఆమె నా చేతిలోంచి తీసి మళ్లీ మేకుకి తగిలించేసింది. "అందరూ చేసే పనే నువ్వూ చేశావ్. కర్ర ఆఖరునే తల్లీ. ముందు నీళ్లు చూడాలి. ఆ నీళ్లలో ఉండే చేపేదో చూడాలి. ఆ చేపకి తగ్గ దారం. దారానికి తగ్గ రీలు. ఇవన్నీ అయ్యాక వాటిని మోసే కర్ర." దిల్‌సుఖ్‌నగర్‌లో గాలాలమ్మే దుకాణానికి వెళ్లినప్పుడు కూడా ఇదే గొడవ. ఎవరో ఒకరు వచ్చి అన్ని చేపలకూ పనికొచ్చే కర్ర ఒకటివ్వమని అడిగేవారు. ఈమె పరాయి మనుషులని కూడా చూడకుండా "పెళ్లికీ తద్దినానికీ ఒకే మంత్రం చదివిస్తారా బాబూ" అనేది. నేను సిగ్గుతో రోడ్డు మీదికి వచ్చి నిలబడేదాన్ని.

గట్టు మీద కూర్చున్నాక ఆమె పాఠం తేలిగ్గానే ఎక్కేది. మేము రవ్వ అనే చేపను ఆమె శీలవతి అనేది. అదీ, బొచ్చె చేపా తొందరపడని రకం. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దను మెల్లగా చప్పరిస్తాయి. వాటికి పొడుగ్గా మెత్తగా వంగే కర్ర కావాలి. కర్ర కిందికి వేలాడే రీలులో దారం బాగా పట్టాలి, ఎందుకంటే గాలపు ముల్లు తగిలాక అవి చెరువు నడిమికి పరుగెడతాయి. దారం నైలానుదే ఉండాలి. అది కాస్త సాగుతుంది కాబట్టి చేప మూతి చిరగదు. కొర్రమీను వ్యవహారం పూర్తిగా వేరు. మావైపు కొర్రమట్ట అంటాం. అది తామరాకుల కింద మాటేసి ఉంటుంది. రబ్బరు కప్పను ఆకుల మీద నుంచి లాగుతుంటే నీళ్లు పగిలినట్టు ఎగిరి కొడుతుంది. కొట్టిన మరుక్షణం తామర తూడుల్లోకి దూరి చుట్టుకుంటుంది. దానికి పొట్టిగా బిర్రుగా ఉండే కర్ర, కర్ర మీద కూర్చునే గట్టి రీలు, సాగని అల్లిక దారం ఉండాలి. జిలేబి చేపల్లాంటి చిన్నవాటికైతే వానపాము, నీళ్ల మీద తేలే బెండు, సన్నటి దారం చాలు. "ఎద్దునీ మేకనీ ఒకే గాటికి కట్టకూడదు" అనేది.

నేను అక్కడా భయపడేదాన్నే. పాము ఉంటదేమో, ముల్లు గుచ్చుకుంటదేమో, ఎగిరొచ్చే చేపకు నా కళ్లజోడు పోతదేమో. పైన నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు చిన్నగా గురగురలాడుతూ తిరిగేవి. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు వాటిని నడుపుతున్నారని తెలిశాక ఆ భయం కూడా పట్టుకుంది. ఆంటీ నన్ను ఎప్పుడూ భయపడకు అనలేదు. "భయపడు, కానీ కర్ర వదలకు" అనేది. నాకు ఉద్యోగం రాలేదు. ఊరికి తిరిగి పోలేక ఏడుస్తుంటే, హాస్టల్ తాళాలు నా చేతిలో పెట్టి వార్డెన్‌గా ఉండమంది. గ్యాస్ కట్టారో లేదో చూసే పిచ్చి నాకు జీతమైపోయింది.

తర్వాత ఒక పొద్దున ఆంటీ కాఫీ గ్లాసు అందుకోబోయి అందుకోలేకపోయింది. గ్లాసు జారింది, మాట పడిపోయింది, మనిషి కుర్చీలో పక్కకి ఒరిగిపోయింది. ఎల్బీ నగర్‌లో దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు సగం సగం మిగిలాయి. మాట వచ్చింది గానీ ముద్దగా వచ్చేది, అదీ అవసరమైతేనే. ఆంటీ భర్తను, అంటే అంకుల్‌ని, నన్ను డాక్టరు పక్కకు పిలిచి ఒకటే చెప్పాడు. ఈ కొద్ది నెలల్లో ఆ చేత్తో ఎంత పని చేయిస్తే అంత తిరిగొస్తుంది, ఇప్పుడు మూల పడేస్తే ఆ చెయ్యి ఇక మూలపడ్డట్టే.

ఆమె మూల పడేసింది. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే కళ్లు మూసుకునేది. రబ్బరు బంతి చేతిలో పెడితే మంచం కింద దొర్లేది. కర్రలున్న గోడ కనపడకుండా కుర్చీ వెనక్కి తిప్పించుకుంది. ఈమె చెయ్యి మన కళ్ల ముందే పోతోందే, మనం చూస్తూ ఊరుకుంటున్నామే అని నాకు అన్నం సయించేది కాదు. ఒక మధ్యాహ్నం అంకుల్ మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు.

"చెరువుకి తీసుకెళ్తే ఏమైనా మారుద్దంటావా పద్మా?"

"నాకైతే భయమైతుంది అంకుల్. పట్టలేక ఇంకా కుంగిపోతే ఎట్ల?"

"పట్టగలిగేదే పెడదాం. తేలిగ్గా ఉండేదే చూడు."

ఇద్దరం కలిసి ఆ పని శ్రద్ధగా చేశాం. అన్నిటికంటే తేలికైన కర్ర దించాను. రీలు పిడిని ఎడమ నుంచి కుడికి మార్చాను. బలమున్న ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, బలహీనమైన కుడి చేత్తో మెల్లగా తిప్పుతుందని. దారం అన్నిటికంటే సన్నది ఎక్కించాను. జిలేబి చేపలకు అది చాలు, చెయ్యి గుంజదు. గట్టు మీద కూడా తామరాకులు లేని, లోతు లేని మూల చూసి కుర్చీ వేశాం.

ఆమె కర్రని చూసింది, దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. బెండు మునిగింది. అరచేయంత జిలేబి వచ్చింది. అంకుల్ చప్పట్లు కొట్టారు. నేను "మస్తుంది ఆంటీ" అన్నాను. పసిపిల్ల చేతిలో గిలక్కాయ పెట్టి మురిసిపోయే వాళ్లను ఆ పిల్ల ఎలా చూస్తుందో అలా చూసింది మమ్మల్ని. ఇంకొక చిన్న చేప తగిలింది. దాన్ని ఒడ్డుకు లాగుతుండగా నీళ్లు ఒక్కసారి బద్దలయ్యాయి. ఆ చిన్నదాన్ని కొర్రమట్ట నోట కరుచుకుంది. కర్ర విల్లులా వంగింది, రీలు కీచుమంది. ఆమె కుడి చెయ్యి పిడి మీద బిగుసుకుంది, నేను నా కళ్లారా చూశాను. గుండె గుభేలుమని పరుగెత్తి కర్ర అందుకోబోయాను. అంతలో టప్పుమని దారం తెగింది.

అయిపోయింది, చేతులారా చేశాం, ఇక ఈమె లేవదు అనుకున్నాను. ఆంటీ తెగిన కొసను చూస్తూ కూర్చుంది.

"ఈ దారం ఎవరెక్కించారు?" మాట ముద్దగానే ఉంది, గొంతు మాత్రం పాతదే.

"నేనే ఆంటీ."

"చేపని చూసి ఎక్కించావా, నన్ను చూసి ఎక్కించావా?"

అంకుల్ ఏదో సర్దిచెప్పబోయారు. ఆమె ఎడమ చెయ్యెత్తి ఆపింది.

"నాకు పక్షవాతమని ఆ చేపకెవరు చెప్తారే? జాలిపడి మెల్లగా లాగుద్దా? చెయ్యి పోయిందని కాదు నా ఏడుపు. నాకోసమని మీరిద్దరూ చెరువునే చిన్నది చేసేశారు. ఇంత చెరువులో నన్ను ఈ మూల కూర్చోబెట్టారు."

అని ఏడ్చింది. జబ్బు చేశాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను. అంకుల్ కుర్చీ వీపు పట్టుకుని అలా నిలబడిపోయారు.

మర్నాడు కుర్చీ మళ్లీ కర్రలున్న గోడవైపు తిప్పించుకుంది. కొర్రమీను కర్ర దించమంది. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే రబ్బరు బంతి బదులు ఆ రీలు పిడి కుడి చేతికి ఇచ్చి, దారం చివర ఇసుక సంచి కట్టించి, వరండాలో లాగేది. లాగలేక తిట్టేది. ఆ తిట్లు హాస్టల్ పై అంతస్తు దాకా వినపడేవి. పిల్లలు చదువుకోలేకపోతున్నామని నాకు ఫిర్యాదు చేస్తే, జర ఓర్చుకోండమ్మా అని బతిమాలుకున్నాను. చెయ్యి మునుపటిలా రాలేదు. రీలు తిప్పేంత వచ్చింది.

వానలు పడి చెరువు నిండాక తామరాకుల వైపే తీసుకెళ్లమంది. గట్టు తడిసి జిగటగా ఉంది. కూర్చుని కొర్రమీనును లాగలేం, నిలబడాలి. పడితే మళ్లీ దవాఖానే, ఈసారి లేస్తుందో లేదో. నాకు ముందు వారమంతా అదే కల. ఆమె ఎడమ చేత్తో కప్పను విసిరింది. ఒకసారి గడ్డిలో పడింది, ఒకసారి మా కాళ్ల దగ్గరే పడింది. తర్వాత ఆకుల మీద పడింది. రెండు మూడు గెంతులు గెంతించిందో లేదో, ఆకులు పైకి లేచాయి. కర్ర మొదలును చంకలో ఇరికించి కుడి చెయ్యి పిడి మీద వేసింది. కుడి కాలు బురదలో జారుతోంది. నా చేతులు వాటంతటవే కర్ర మీదికి పోయాయి.

"కర్రని కాదే, నన్ను పట్టుకో" అంది.

వెనక నుంచి ఆమె నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. ముఖం ఆమె వీపుకి ఆనించి కళ్లు మూసుకున్నాను. నాకు చేప కనపడలేదు. రీలు ఒక్కో పన్నూ కదలడం ఆమె పక్కటెముకల్లోంచి నాకు తెలుస్తోంది. ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. అంకుల్ "వచ్చేసింది, వచ్చేసింది" అంటున్నారు. ఆమె ఒళ్లంతా వణుకుతోంది, నా ఒళ్లూ వణుకుతోంది, ఏ వణుకు ఎవరిదో తెలియలేదు. చేప గట్టు మీద పడి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించాక కూడా నేను పట్టు వదల్లేదు. "ఇంక వదలవే, ఊపిరాడట్లేదు" అని ఆమె నవ్వింది.

తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు. రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు దవాఖాన దాకా కూడా పోలేదు. హాస్టల్ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. నా పిరికితనం ఎక్కడికీ పోలేదు. పరీక్ష తప్పిన పిల్ల తల్లి ఫోన్ చేసి, "చిన్న నౌకరీ ఏదన్నా చూసుకొమ్మని మా బిడ్డకు జర చెప్పరాదు" అంటే, అవును చిన్నదే మంచిది అని నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను. ఏ పరీక్ష రాస్తావో రాయి బిడ్డా అని ఆ పిల్ల పక్కన పోయి కూర్చుంటాను. తర్వాత వంటగదిలోకి పోయి గ్యాస్ మళ్లీ ఒకసారి చూసి వస్తాను.