ముప్పై సెకన్లు ఆగమన్న చోట

తప్పిపోయినవారి కోసం తానే బయలుదేరి వెతికే దేవునికి స్తోత్రం. పిలిచిన ప్రతిసారీ వినే దేవునికి, ఇన్నిసార్లే పిలవాలని లెక్క పెట్టని దేవునికి మహిమ. నన్నూ, నా ఇంటినీ, మార్కాపురంలోని మా చిన్న సంఘాన్నీ ఈ రోజు వరకు నిలబెట్టిన ఆయన నామానికే ఘనత. ఈ మాటలు ముందు రాసుకోకపోతే మిగతాదంతా ఉత్త తిట్లే అవుతుంది. నాకు ఇంకా కోపంగానే ఉంది.

సంఘంలో స్త్రీల సమాజాన్ని నేను చూసుకుంటాను. ఆదివారం పిల్లలకు వాక్యం చెబుతాను. మిగతా రోజుల్లో కుట్టుమిషనే నా బతుకు. మా సమాజంలో నాకంటే పదేళ్లు పెద్దదైన ఒక అక్క ఉంది. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి దుమ్ముకు దగ్గు తెచ్చుకున్న మనిషి. ఆమెకు ఒక్కడే తమ్ముడు. అతనూ పలకలు కోసినవాడే. రంపం కింద కుడిచేతి చూపుడు వేలు సగం పోయింది. కొన్నాళ్లకు మనసు కూడా కుదురు తప్పింది. మాత్రలు వేసుకుంటే నెమ్మదిగా ఉంటాడు, వీధిలో పిల్లలకు బొంగరాలు తిప్పి చూపిస్తాడు. వేసుకోకపోతే నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

పోయిన వేసవిలో గిద్దలూరులో ఒక పెళ్లికి అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లారు. తిరిగి రావడానికి స్టేషన్‌లో కూర్చున్నారు. అక్క సీసాలో నీళ్లు పట్టుకుని వచ్చేలోపు అతను నంద్యాల వైపు పోయే బండి ఎక్కేశాడు. బండి కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి ఆమెకు చెయ్యి ఊపాడట. ఆ ఊపిన చెయ్యి గురించి చెప్పినప్పుడల్లా అక్క తన చెయ్యి ఎత్తి ఊపి చూపిస్తుంది.

పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. మేము కొమరోలు, బేస్తవారిపేట బస్టాండ్లలో ఫోటోలు అంటించాం. పది రోజులు గడిచాయి. అప్పుడు ఒంగోలులో చదువుకునే మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒక ఫోరం సంగతి చెప్పింది. తప్పిపోయినవాళ్ల గురించి దేశమంతటా జనం రాసుకునే పెద్ద ఫోరం అది. ఆశ్రమాలవాళ్లు, ఆసుపత్రుల దగ్గర సేవ చేసేవాళ్లు, దారిన పోయే మామూలు మనుషులు "ఇలాంటి మనిషి ఇక్కడ కనిపించాడు" అని అందులో రాస్తారు. ఎన్నో ఏళ్ల నుంచి పేరుకున్న రాతలు. మనవాళ్ల కోసం మనమే వెతుక్కోవాలి. చేరాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి, వాళ్లు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అదీ మొదటి కోపం.

ఒప్పుకున్న రోజు మధ్యాహ్నం మిషన్ ఆపేసి కూర్చున్నాను. అక్క నా పక్కనే, ఫోన్‌లోకి తల పెట్టి. "మార్కాపురం" అని కొట్టాను. ఏమీ లేదు. వెంటనే "గిద్దలూరు" అని కొట్టాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇప్పుడే వెతికారు, ముప్పై సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి అని.

"ఏందమ్మా, ఆగినావు?" అంది అక్క.

"ఆగమంటన్నారక్కా."

"ఎవురు?"

"ఈ ఫోరమోళ్లు."

"వాళ్లకేం పోయింది? పోయినోడు వాళ్ల తమ్ముడా? నువ్వు కొట్టు."

కొట్టాను. మళ్లీ అదే ఎరుపు. అతన్ని చూసిన మనిషికి అతనిది మార్కాపురమని తెలియదు కదా. తనకు తోచిన మాటల్లో రాసి ఉంటాడు. అందుకని మేమూ ఎన్నో మాటలు వెతకాలి. తెల్ల చొక్కా, తెగిన వేలు, తెలుగు మనిషి, నడివయసు, గడ్డం. ప్రతి మాటకూ మధ్య ముప్పై సెకన్లు. అక్క ఆ సెకన్లను వేళ్ల మీద లెక్కపెట్టేది. ఇరవై మాటలు అయ్యాక ఈ రోజుకు పరిమితి అయిపోయింది, రేపు రండి అని వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది ఏమిటి? విసుగు లేకుండా అడగమని, వెతకమని, తలుపు తీసేదాకా తట్టమని. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని వదలకుండా వేధించిన విధవరాలి కథ నేనే పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఇక్కడ ఒక యంత్రం, ఇరవైసార్లు తట్టావు చాలు, పో అంటోంది.

అదే రోజు సాయంత్రం అక్కకు ఒక ఫోన్ వచ్చింది. "మీవాడు మా దగ్గరే ఉన్నాడు, తీసుకురావడానికి ముందు డబ్బు పంపండి" అన్నాడు ఎవడో. ఆ మధ్యాహ్నమే మేము ఫోరంలో పెట్టిన ప్రకటనలో అతని ఫోటో, ఆమె నంబరు ఉన్నాయి, అంతే. అక్క ఏడ్చుకుంటూ తమ్ముడికి ఫోన్ ఇవ్వమంది. వాడు నిద్రపోతున్నాడన్నాడు. ఆమె పంపలేదు, ఎందుకంటే పంపడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఉంటే పంపేదే.

శుక్రవారం మా ఉపవాస ప్రార్థన. మా సంఘంలో ఒక్కొక్కరుగా ప్రార్థించే అలవాటు లేదు. పాస్టర్ అయ్యగారు విషయం చెప్పగానే ఉన్నవాళ్లందరం ఒకేసారి గొంతెత్తుతాం. బయటి నుంచి వినేవాళ్లకు అది గోలలా ఉంటుంది. మాకు అందులోనే బలం. ఒక్క గొంతుకు కదలనిది ముప్పై గొంతులకు కదులుతుందని మా నమ్మకం. ఆ పద్ధతినే వెతకడానికీ వాడదామన్న ఆలోచన నాదే. ఒక ఫోనుకు రోజుకు ఇరవైసార్లయితే ముప్పై ఫోన్లకు ఆరువందలసార్లు అని లెక్క కట్టాను. అందరూ కొత్తగా పేర్లు నమోదు చేసుకోవాలంటే మళ్లీ రెండు రోజులు. అందుకని నా పేరు, నా పాస్‌వర్డ్ ఆదివారపు బడి నల్లబల్ల మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో రాశాను. అందరూ వాటితోనే లోపలికి వెళ్లారు. తలా ఒక మాట పంచాను.

వెనక వరసలో ఒక ముసలమ్మ మనవడి ఫోన్ పట్టుకుని, "నాకు ఇంగిలీసు రాదే పిల్లా" అంది.

"తెలుగులోనే కొట్టు పెద్దమ్మా. దేవుడికి అర్థమయ్యేది దానికి కాదా?" అన్నాను.

"దేవుడికైతే కళ్లద్దాలు లేకుండానే మాట్లాడతా. దీనికి యాడ తెచ్చేది?" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. పన్నెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే.

అయ్యగారు ప్రార్థన ముగించి "ఆమేన్ అనంగానే కొట్టండి" అన్నారు. ఆమేన్ అన్నాం. కొట్టాం.

నిమిషం కాలేదు. "నన్ను బయటికి నెట్టింది" అని ఒకరు, "నన్నూ నెట్టింది" అని ఇంకొకరు. అన్ని ఫోన్లలోనూ ఒకే మాట. వెతుకులాట అనుమానాస్పదంగా ఉన్నందువల్ల ఈ సభ్యురాలి ఖాతాను నిలిపివేశాం అని. అక్క బల్ల మీది అక్షరాలు తన కొంగుతోనే తుడిచేసింది.

ఇంటికి వెళ్లి ఆ ఫోరంవాళ్లకు ఫోన్లోనే ఉత్తరం రాసి పంపాను. రెండు పేజీలు వచ్చింది. మీవి రాతి గుండెలని, కన్నీళ్లకు కూడా రేషను పెట్టారని, దేవుడు మీ తలుపులు మూసే రోజు వస్తుందని రాశాను. రాస్తున్నంతసేపూ నేను నీతిమంతురాలిననే అనుకున్నాను. శనివారం ఉదయాన్నే చదివినట్టు గుర్తు కనిపించింది. జవాబు మాత్రం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద ఉండగా ఫోన్ మోగింది. ఫోరం చూసుకునేవాళ్లలో ఒకాయన. విజయవాడలో ఉంటాడట, రిటైరైన పెద్దమనిషి, జీతం లేకుండా ఈ పని చేస్తాడు.

"రాతి గుండెవాడిని మాట్లాడుతున్నానమ్మా," అన్నాడు.

నేను తగ్గలేదు. "మా మనిషి పోయి రెండు వారాలైంది సార్. వెతకనీకుండా తలుపేసినారు. మీకిదేం న్యాయం?"

"ముప్పై ఫోన్ల నుంచి ఒక్క పేరుతో, ఒక్క క్షణంలో వెతికితే మా యంత్రం ఏమనుకోవాలి తల్లీ?"

"ప్రార్థన చేసుకున్నోళ్లం అనుకోవాల."

ఆయన నవ్వలేదు. ఓపికగా చెప్పాడు. ఒక రాతను తెరిచి చదివితే ఆ యంత్రానికి పెద్ద పని లేదట. వెతకమంటేనే భారం. అడిగిన ప్రతిసారీ ఏళ్ల తరబడి పోగైన లక్షల రాతల్లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో ఏరి, వరస పెట్టి ఇవ్వాలి. నిమిషానికి వేలమంది అడుగుతారు. కొందరు ఆపకుండా కొడుతుంటే మొత్తం కదలదు. అప్పుడు ఎక్కడో స్టేషన్‌లో ఒక తల్లి తన బిడ్డ ఫోటో పెట్టబోతే అది ఎక్కదు. "మీవాడిని చూసినవాడు రాసే రాత కూడా ఎక్కదమ్మా," అన్నాడు.

అంతేకాదు. అసలు ఎక్కువగా వెతికేది మనుషులు కాదట. దొంగలు పెట్టిన ప్రోగ్రాములు. తప్పిపోయిన, అక్క, అమ్మ, ఫోన్ నంబరు అంటూ గంటకు వేల మాటలు కొట్టి, ఏడుస్తున్న ఇళ్ల నంబర్లు దోచుకుపోతాయి. "అలాంటి ఫోను ఏమైనా వచ్చిందా మీకు?" అని అడిగాడు.

నిద్రపోతున్నాడని చెప్పినవాడి గొంతు గుర్తొచ్చింది. వాళ్లను ఆపడానికి కట్టిన అడ్డు అది. దాన్ని వాళ్లలాగే గుద్దుకున్నాం మేము.

"సరే, మీవాడి సంగతి చెప్పండి. నేను వెతుకుతాను. నాకు ఆ పరిమితి లేదు," అన్నాడు.

చొక్కా, వేలు, గడ్డం చెప్పాను. అలాంటివాళ్లు వందలమంది ఉన్నారమ్మా, పలకరిస్తే ఏమంటాడు అన్నాడు. ఏమంటాడు, అందరిలాగే వందనాలంటాడు అన్నాను. "అందరూ అనరమ్మా, మీ సంఘంవాళ్లే అంటారు," అన్నాడాయన. నిజమే. పగలంతా మా నోట్లో నలిగే మాట గనుక ముప్పైమందిలో ఒక్కరికీ అది ఆనవాలుగా తోచలేదు. ఆయన ఆ మాట కొట్టాడు. దొరికింది. కర్ణాటకలో ఒక చిన్న ఊరి ఆశ్రమంవాళ్లు గురువారం సాయంత్రం పెట్టారు. వేలు తెగిన తెలుగు మనిషి, అన్నం పెట్టినా, కసిరినా వందనాలంటాడు అని.

అక్క చేత అప్పటికప్పుడు ఫోన్ చేయించాం. అవతల ఒక అమ్మాయి వచ్చీరాని తెలుగులో, శనివారం మధ్యాహ్నం గేటు తీసి ఉంటే నడుచుకుంటూ వెళ్లిపోయాడని చెప్పింది.

శనివారం మధ్యాహ్నం. నా ఉత్తరం ఆయన చదివింది శనివారం ఉదయం. నేను ఆయనకు మళ్లీ ఫోన్ చేసి అదే అడిగాను, అప్పుడే ఎందుకు వెతకలేదని. ఆయన, "మళ్లీ చదివి చూసుకోండి తల్లీ. రెండు పేజీల తిట్లున్నాయి. మీ మనిషి ఆనవాలు ఒక్కటీ లేదు. ఏం పెట్టి వెతకను?" అన్నాడు.

చదివి చూసుకున్నాను. లేదు. అతని వయసు కూడా లేదు. నా కోపం ఉంది, నా భక్తి ఉంది, నా నీతి ఉంది. అతను లేడు.

నేనూ అక్కా ఆ ఊరు వెళ్లాం. హైవే వైపు పోతుంటే చూశామన్నారు ఇద్దరు ముగ్గురు. అంతకు మించి తెలియలేదు. వచ్చేటప్పుడు బస్సులో అక్కకు ఉత్తరం సంగతి చెప్పేశాను. ఆమె కిటికీ వైపు చూస్తూ, "నువ్వు తిట్టినావు. నేనున్నా తిట్టమనేదాన్నే కదమ్మా," అంది. అలా అన్నందుకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

నా ఖాతా మళ్లీ తెరిచారు. రోజుకు ఇరవై మాటలు, మధ్యలో ముప్పై సెకన్లు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం చల్లారలేదు. ఏడ్చేవాళ్ల నంబర్లు ఏరుకునేవాళ్ల మీద ఉంది, వాళ్లవల్ల వరసలో నిలబడాల్సి వచ్చినందుకు ఉంది, అన్నిటికంటే నా మీద నాకు ఉంది. దేవుడు దాన్ని తీసేయలేదు. నేనూ తీసేయమని అడగలేదు.

అడుగుతున్నది ఒక్కటే. చదువుతున్న మీరు ఏ సంఘంవారైనా, ఏ పేరుతో ఆయన్ను పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఈ పూట అతనికి ఎవరో ఒకరి చేత ముద్ద పెట్టించు. ఎండ ముదరకముందే ఏదో ఒక నీడన కూర్చోబెట్టు. అతన్ని చూసినవారికి ఆగి అడిగే మనసివ్వు. వాళ్లు అడిగేలోపు అతను లేచి వెళ్లిపోకుండా ఆ కాళ్లను పట్టుకో తండ్రీ. ఆమేన్ అనండి.