పాతాళం షిఫ్టు – ఎనభై ఎనిమిదో రూలు

దేవసహాయం రూలు రాశాడంటే అందులో తప్పు ఉండి తీరుతుంది. అదేమన్నా చిన్నాచితకా తప్పా అంటే కాదు. కాలనీలో ఎవరో ఒకరికి ఒళ్ళు మండి, చేస్తున్న పని వదిలేసి, కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని మరీ వచ్చి దెబ్బలాడేంత తప్పు. గోదావరిఖని మొత్తం మీద ఇంత పకడ్బందీగా తప్పులు రాయగల మనిషి ఇంకొకడు లేడు.

ఆయన కూతురు హన్నాకు ఇది తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుండేది. కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే పిల్ల. పిల్లల జవాబుల్లో కామా తేడా వచ్చినా ఎర్రపెన్ను తీసే మనిషి. ఆమెకే ఈ తండ్రి దొరికాడు!

రూళ్ళంటే బొగ్గుగని కంపెనీ రూళ్ళు కావు, ఆట రూళ్ళు. ఆట పేరు 'పాతాళం షిఫ్టు'. దానికి బోర్డు ఉండదు, గవ్వలుండవు. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుంటారు. ఒకరు సర్దారు, కథ నడిపేది ఆయనే. మిగతావాళ్ళు ఒకరు మందుగుండు పేల్చేవాడిగా, ఒకరు మంత్రగత్తెగా, ఇలా తలా ఒక వేషం ఊహించుకుని ఏడంతస్తుల పాతాళంలోకి దిగుతారు. రాక్షసుడు ఎదురొస్తే "ఇప్పుడేం చేస్తవ్?" అంటాడు సర్దారు. చేసేది చెప్పి పాచిక వేయాలి. పని పారిందో బెడిసికొట్టిందో ఆ పాచికనూ రూలునూ కలిపి తేలుస్తారు.

ఇదంతా మూడేళ్ళ కింద మొదలైంది. హన్నా ఇలాంటి విదేశీ ఆట పుస్తకం ఒకటి బోలెడు డబ్బు పోసి కొనుక్కొచ్చింది. గనిలో కార్మికుల షిఫ్టు నడిపే సర్దారుగా చేసి అప్పుడే రిటైరైన దేవసహాయం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఊహించుకునేతందుకు ఇన్ని పైసలా బిడ్డా? మన ఊహ మనది కాదా?"

మర్నాడే లావుపాటి రిజిస్టరు ఒకటి తెచ్చి మొదటి పేజీలో ఇలా రాశాడు: 'ఈ ఆట అందరిది. దీనికి ఎవలూ పైసలియ్యొద్దు, తీసుకోవద్దు. ఆడుండ్రి, రాసుకోండ్రి, మార్చుకోండ్రి. మార్చినోళ్ళు కింద పేరు పెట్టాలె.' రిజిస్టరును వరండా బల్ల మీద పెట్టి, పెన్నుకు దారం కట్టాడు. వారంలో ఎవరేం మార్చినా శనివారం హన్నా టైపు చేసి నెట్‌లో పెట్టేది. నస్పూర్ వాళ్ళు దించుకుని వానాకాలం అధ్యాయం కలిపారు. బెల్లంపల్లి పింఛన్‌దారులు మూతబడ్డ గనుల అధ్యాయం రాశారు; అందులో దయ్యాలు కూడా ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే వాటి శక్తి ఆగిపోతుంది. హన్నా అది టైపు చేస్తూ నవ్వలేక చచ్చింది.

కానీ బాపు రూళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయేది. అంగడి రూలులో ఆయన రాసింది చూడండి: 'తోటకూర పొద్దుగాల చౌక, ఎండెక్కినంక పిరం.' కూరగాయల బండి మానేసి ఇంటిపట్టునే ఉంటున్న సారవ్వ చెవిన ఇది పడింది. ఇక చూసుకోండి!

"ఓ దేవసాయం! ఎన్నడన్న సంచి పట్టుకొని అంగడికి పోయినవా? వాడిపోయిన తోటకూర పిరమెట్లయితదయ్యా? ఊకె ఇస్తనన్నా ఎవలు ముట్టరు!"

"అట్లనా అక్కా? నాకేం ఎరుక. నువ్వే సరిచెయ్యి."

"నాకు రాయరాదు."

"నువ్వు చెప్పు, నేను రాస్త. ఏలిముద్ర నీది."

ఆ వేలిముద్రను స్కాన్ చేసి నెట్‌లో ఎక్కించడం హన్నా పనైంది. సారవ్వ అంతటితో ఊరుకుందా? ఆదివారం ఆదివారం వచ్చి మంత్రగత్తె వేషం కట్టింది. రాక్షసులతో బేరమాడి, ఒక్క మంత్రమైనా చదవకుండా రెండంతస్తులు గెలిచింది.

తర్వాత వైద్యం రూలు. 'విరిగిన చేతి మీద వేడి చాయ్ పోస్తే గంటల అతుక్కుంటది.' దవాఖానలో నర్సుగా రిటైరైన జమున ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అతుక్కోదన్నా, బొబ్బలొస్తయి! ఎవలన్న నిజమనుకుంటే ఎట్ల?"

"అట్లనా చెల్లె? నాకేం ఎరుక. రాసి పెట్టు."

జమున నాలుగు పేజీలు రాసి పెట్టింది. ఆటలో ఇప్పుడు కట్టు సరిగ్గా కట్టడం రాకపోతే మూడో అంతస్తు దాటడం ఎవరి తరమూ కాదు.

జనం నవ్వుకున్నంత కాలం హన్నా సహించింది. అయితే ఒకరోజు నెట్‌లో ఎవరో పేరు లేనాయన రాశాడు: 'ఈ పుస్తకం రాసినాయన గని మొహం చూశాడా?' ముప్పై మూడేళ్ళు భూమి లోపల చేసిన మనిషిని పట్టుకుని ఎంత మాట! హన్నాకు ఆ పూట అన్నం దిగలేదు.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు ఆటల క్లబ్బు నుంచి భావ్య అనే అమ్మాయి ఫోను చేసింది. వచ్చే ఆదివారం తమవాళ్ళు నలుగురు వచ్చి కాలనీ వాళ్ళతో కలిసి ఆడతారట. బాగుంటే వంద కాపీలు అచ్చు వేయించి తమ సభలో ఉచితంగా పంచుతారట. హన్నా ఆ క్షణాన ఒట్టు పెట్టుకుంది. అచ్చయ్యే పుస్తకంలో ఒక్క తప్పు ఉండకూడదు. బాపును చూసి ఇంకెవరూ నవ్వకూడదు.

వారమంతా కూర్చుని తప్పులేరింది. ఎనభై ఎనిమిదో రూలు దగ్గర ఆమెకు కళ్ళు తిరిగినంత పనైంది. 'కేజ్‌ల మనుషులు దిగేటప్పుడు రెండు గంటలు కొట్టాలె.' మనుషులను బావిలోకి దింపే ఆ ఇనుప కేజ్‌కు ఎప్పుడూ మూడు గంటలే. కాలనీలో బొడ్డూడని పిల్లలకూ ఆ సంగతి తెలుసు. హన్నా మూడు అని దిద్దింది. తెల్లారి చూస్తే మళ్ళీ రెండు. దిద్దింది. మళ్ళీ రెండే.

"బాపూ, ఏందిది? నీ ఇజ్జత్ పోతదన్న ఫికర్ లేదా నీకు?"

"ఆదివారం దాంక ఉండనియ్యి బిడ్డా."

"అదే ఆదివారం వాళ్ళొస్తున్నరు!"

"రానియ్యి," అని ఆయన ఆ పేజీ ప్రింటు తీసి, మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. రోజూ సాయంత్రం అదే వరస. ప్రింటు తీయడం, ఎటో పోవడం, ఉత్త చేతులతో రావడం. అడిగితే చెప్పడు. హన్నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆదివారం రానే వచ్చింది. వరండా నిండా జనం. భావ్య, ఆమె ముగ్గురు స్నేహితులు, సారవ్వ, జమున బల్ల చుట్టూ చేరారు. దేవసహాయం సర్దారు. ఆట కేజ్ దాకా వచ్చింది. భావ్య రిజిస్టరు తీసి గట్టిగా చదివింది: "మనుషులు దిగేటప్పుడు రెండు గంటలు..." హన్నా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఎవడ్రా గిది రాసింది?"

అందరూ గేటు వైపు తిరిగారు. గడ్డం మాసి, బొత్తాములు ఒకదానికొకటి తప్పి ఉన్న చొక్కాతో రఘురామ్ నిలబడ్డాడు. చేతిలో నాలుగైదు మడత కాగితాలు. ఇరవై తొమ్మిదేళ్ళు కేజ్ ఇంజను నడిపిన మనిషి. భార్య రమ పోయాక పధ్నాలుగు నెలలుగా ఆయన గడప దాటింది లేదు, ఎవరికీ తలుపు తీసింది లేదు.

"రెండు గంటలకు మనుషులను దింపుతరా? రోజూ తలుపు సందుల గీ కాగితం! చింపితే మళ్ళ ఏస్తవ్! మూడు! మనుషులకు మూడు!" బల్ల మీద మూడుసార్లు గుద్దాడు. పాచికలు ఎగిరిపడ్డాయి.

"అట్లనా రఘురామన్నా?" అన్నాడు దేవసహాయం చేతులు కట్టుకుని. "నాకేం ఎరుక, నేను లోపలుండేటోణ్ణి. రాసి పెట్టు."

రఘురామ్ పెన్ను లాక్కుని అక్కడే కూర్చున్నాడు. రాస్తూ రాస్తూ చెప్పసాగాడు. గంట వినగానే చెయ్యి ఎక్కడ పెట్టాలో, కేజ్‌లో మనుషులున్నారంటే కడుపులో ఎలా ఉంటుందో, వానరోజు తాడు చప్పుడు ఎలా మారుతుందో. భావ్య నోరు తెరుచుకుని వింది.

"సార్, ఆటలో ఇంజను నడిపేవాళ్ళు లేరు. మీరు మమ్మల్ని దింపుతారా?"

రఘురామ్ అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. "ఎంతమంది దిగుతున్నరు?" అని చొక్కా చేతులు పైకి మడిచాడు. సారవ్వ లోపలికి పోయి ఆయన ముందు చాయ్ తెచ్చి పెట్టింది. సాయంత్రం దాకా ఆ పాతాళంలోకి దిగినవాళ్ళందరినీ ఆయన ఒక్కరూ తగ్గకుండా పైకి తెచ్చాడు.

ఆట అయ్యాక హన్నా ఆయన దగ్గరికి పోయి చిన్నగా అంది: "కాకా, మా బాపుకు తెలువక రాసిండు. ఏమనుకోకు."

రఘురామ్ పకపకా నవ్వాడు. "తెలువకనా? ఇరవై తొమ్మిదేండ్లు నా గంట మీద దిగిండు, ఎక్కిండు. రోజూ ఆయన రాసే గని రిపోర్టుల ఒక్క కొట్టివేత సూసినోడు లేడు. నీ బాపు తప్పు రాసుడా?"

"మరి తెలిసి ఎందుకొచ్చినవ్?"

"ఎందుకంటే ఏం చెప్తనే? ఊకోబుద్ధి కాలే!"

హన్నా ఒక్కసారిగా సారవ్వను చూసింది, జమునను చూసింది. బండి మానేశాక ఇంట్లో ముడుచుకుని కూర్చున్న సారవ్వ. రిటైరై పొద్దుపోక కుమిలిపోయిన జమున. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

"అన్నీ కావాల్ననే రాసినవా బాపూ?"

దేవసహాయం దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "శానసార్లు పోయి తలుపు కొట్టిన. బాగున్నవా అన్న, బువ్వ తిన్నవా అన్న. తియ్యలే. తప్పు రాసి పెడితే గాని తలుపు తియ్యలే బిడ్డా."

హన్నాకు గుండె నిండిపోయింది. ఇలాంటి మనిషిని చూసి ఎవరో నవ్వుతారని తను భయపడింది! నవ్వుకోనీ, ఎంతమంది నవ్వుకుంటే అంత మంచిది. ఆ తండ్రికి కూతురైనందుకు ఆమెకు నిలువెల్లా గర్వం పొంగింది.

వరండాలో భావ్య ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. "హన్నా గారూ, ఇక తప్పులేం లేవుగా? అచ్చుకు పంపేయనా?"

"ఒక్క నిమిషం. ఇంకొక్క రూలుంది," అంది హన్నా. పక్క క్వార్టరులో లస్మవ్వ ఉంటుంది. బియ్యప్పిండి ముద్దను గంజు గిన్నె అడుగున అద్ది, చెంచాడు నూనెతో కాల్చే సర్వపిండిని ఆమె చేసినంత రుచిగా కాలనీ మొత్తంలో ఎవరూ చేయలేరు. మోకాళ్ళ నొప్పులని ఆర్నెల్లుగా మంచం దిగడం లేదు, పొయ్యి వెలిగించడం లేదు. హన్నా కుర్చీ లాక్కుని, ఒక్క అక్షరం తడబడకుండా టైపు చేసింది: 'ఎనభై తొమ్మిదో రూలు. దిగేముందు బలానికి సర్వపిండి తినాలె. సర్వపిండిని గారెల లెక్క నూనెల ముంచి గోలియ్యాలె.' కింద తన పేరు పెట్టింది. కాగితం ప్రింటు తీసి లస్మవ్వ కోడలి చేతికిచ్చి, కాస్త గట్టిగా చదివి వినిపించమంది.

అందరూ పక్క క్వార్టరు వైపు చెవులు రిక్కించారు. గోడ అవతల మంచం కిర్రుమంది. ఆ వెంటనే చేతికర్ర టకటకా ఇటే రాసాగింది.

"నూనెల ముంచుతదట! ఎవతే గిది రాసింది? గంజు తియ్యే కోడలా, నేనే వోయి చూపిస్త!"

"నాకేం ఎరుక అవ్వా!" అని అరిచి, హన్నా గేటు బార్లా తెరిచింది.