పులిసిన టీ, విత్తనపు గింజలు

మా అత్త పద్మాక్షమ్మ లావు గురించి పావగడ బజారులో మాట్లాడని వాళ్లు లేరు. కోడలిని, నేను మాట్లాడితే తప్పొచ్చిందా? పది కిలోలు తగ్గకపోతే ఏడాదిలో మంచాన పడతావని, మోకాళ్లు చూసిన బెంగళూరు డాక్టరు చెప్పేశాడు. అప్పటినుంచి ఆమెకు నిద్రలేదు.

తొంభై ఐదులో మా ఆడబిడ్డ ఒక జాడీ తెచ్చింది. అందులో చక్కెర వేసిన టీ డికాషన్, దానిమీద మందపాటి తెల్లటి తెట్టు. వారం పులిశాక తాగితే కొవ్వు కరుగుతుందట. ఆ తెట్టు కింద పిల్ల తెట్టు పుడుతుంది. దాన్ని అమ్మకుండా ఎవరికైనా ఊరికే ఇవ్వాలట, లేకపోతే గుణం పోతుందట.

అలా పుట్టిన పిల్ల తెట్టును బజారులో ఎవరూ తీసుకోలేదు. చివరికి అత్త దాన్ని ఇంకో జాడీలో వేసి ఓబక్కకు అంటగట్టింది. నాగలమడిక నుంచి వచ్చి, మా అంగడి వెనక విత్తనాల శెనక్కాయలు వొలిచే మనిషి ఓబక్క. వానలు లేని ఆ ఏడు వాళ్లింటికి ఆ కూలే ఆధారం.

"నీ అదృష్టమే అదృష్టం ఓబక్కా, పిడికెడు కండ లేదు. అయినా తాగు, ఒంటికి మంచిది" అంది అత్త.

"మా ఇంట్లో చక్కెర యాడిదమ్మా? జాడీ ఈడే ఉండనీ" అంది ఓబక్క. రోజూ పొద్దున వచ్చి ఒక గ్లాసు తాగి పనిలో కూర్చునేది.

విత్తనపు గింజ నోట్లో వేసుకున్నవాళ్లకు మా అంగడిలో మళ్లీ పని ఉండదు. ఐదోరోజు ఓబక్క దవడ కదలడం అత్త చూసింది.

"ఏందే నోట్లో? రేపట్నించి రావద్దు నువ్వు."

ఓబక్క నమలడం ఆపింది.

"తొమ్మిదేండ్లుగా ఒక్క గింజ ముట్టలేదమ్మా. పొద్దున ఒక ముద్ద తింటే మాపటిదాకా ఓర్చుకుంటాంటి. నీ టీ తాగినాక కడుపు నిలవనీదు. ఇంట్లో ఉండేది ఒక పూటకే. ఆ ఆకలి నాకొద్దమ్మా."

అత్త ఒళ్లో వేయించిన శెనక్కాయల గిన్నె ఉంది. ఆ టీ తాగిన ప్రతిసారీ ఆకలంటూ గిన్నెడు తినేది, కిలో కూడా తగ్గలేదు. రోజూ చూసి నవ్వుకునేదాన్ని. ఆ రోజు నాకూ సిగ్గేసింది.

"మింగు ముందు" అంది అత్త. గోడ పట్టుకుని లేచింది. నేను తెస్తానంటే వినలేదు. మోకాళ్లు పట్టుకుంటూ వంటింట్లోకి పోయి, అన్నం, పప్పు తెచ్చి ఓబక్క ముందు పెట్టింది.

నేను కాపురానికి వచ్చాక ఆమె ఇంకొకరికి వడ్డించడం అప్పుడే మొదటిసారి చూశాను.