ఇంజనున్నా తొక్కిన నాయన

నా మోకాళ్ళు అరిగిపోయాయని మా అబ్బాయి సైకిలుకు మోటారు బిగిస్తానంటే సంతోషించాను గానీ, అది వెనక చక్రంలో ఉండాలా, పెడళ్ళ దగ్గరుండి గేర్ల మీదుగా లాగాలా అని ఫోనులో పొద్దునొక మాట, సాయంత్రమొక మాట చెప్పి నా ప్రాణం తోడేస్తున్నాడు. విసుగొచ్చి నిన్న ఫోను పక్కన పడేస్తే, ఇంతకంటే విసిగించిన మా నాయన గుర్తొచ్చాడు.

మా వరి కయ్యలు కాలువకు అవతల, సముద్రం వైపు. నాయనకు ఆయాసం పట్టుకుంటే సైకిలు తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంకొకరి వెనక కూర్చుని పోవడమా, నామోషీ. రోజూ మడవ దగ్గర నిలబడి కయ్యకు నీళ్ళు పారడం చూడకపోతే అన్నం సయించేది కాదు. మన ఈడు వాళ్ళకు ఆ పిచ్చి విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకని మా మేనమామ పైరుకు మందు కొట్టే స్ప్రేయరు ఇంజను విప్పి, మద్రాసు పాత సామాన్ల అంగట్లో కొన్న గేర్ల సైకిలుకు బిగించడానికి పూనుకున్నాడు. ఇంజనుకు రోలరు పెట్టి టైరుకు ఆనిస్తే చాలని ఊళ్ళో సగం మంది, అది ఇసుకలో జారుతుంది, చైను వేసి గేర్ల మీదుగా లాగిస్తేనే అంత చిన్న ఇంజను కాలువ వంతెన ఎక్కుతుందని మామ. ఆ వాదం తెగేసరికి ఎండాకాలం గడిచిపోయింది. చివరికి మామ మాటే నెగ్గింది, బండి నిజంగానే పరిగెత్తింది, ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

నాయన కాళ్ళు ఊరుకుంటేగా! ఇంజను లాగుతున్నా తొక్కుతూనే ఉండేవాడు. పోనీ వంతెన దగ్గరైనా సులువు గేరు వేస్తాడా అంటే, అందులో కాళ్ళు గిరగిరా తిప్పాలట, పిల్లకాయల చేష్టలా ఉంటుందట. బరువు గేరులోనే లేచి నిలబడి తొక్కేవాడు, సగం ఎక్కేసరికి ఆ బరువు లాగలేక ఇంజను ఆగిపోయేది, ఆ ఇనుమంతా రొప్పుతూ తోసుకుపోయేవాడు. వంతెన గోడ మీద కూర్చున్నవాళ్ళు "ఏందన్నా, ఇంజనుకు నువ్వు సాయం చేస్తుండావా?" అని నవ్వేవాళ్ళు. మామ నెత్తి కొట్టుకునేవాడు. నేను కోప్పడితే, "కాళ్ళుండి కూడా ఊరకే కూర్చోని పోతే ఊరోళ్ళు ఏమనుకుంటారబ్బయా?" అనేవాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడన్నారు, ఆయనతో ఎవరు వేగగలరు?

ఒకనాడు ఆ వంతెన మీదే కూలబడితే, మంచం మీద మోసుకొచ్చాం. మామ ఇంజను విప్పేశాడు. నాయన మళ్ళీ కయ్యల మొహం చూడలేదు. ఇంటి ముందు కూర్చుని దారిన పోయేవాళ్ళనల్లా మడవలో నీళ్ళు పారుతున్నాయా అని అడిగేవాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమూ ఏడుపూ కలిసే వస్తాయి.

ఈమధ్య ఆ వంతెన మీదుగా ఆటోలో వెళ్ళాను. రొయ్యల గుంటలకు పోయే బండ్లు ఒకదాని వెనకొకటి దూసుకుపోతున్నాయి, గోడ మీద కూర్చునే తీరిక ఎవరికీ లేదు. రేపు మా అబ్బాయి ఏ మోటారు పెట్టించినా, దాని మీద నేను తొక్కుతూ పోయినా, కాళ్ళు జాపుకుని పోయినా తలెత్తి చూసేవాడు లేడు. ఎవరేమనుకుంటారోనని నాయన తన ఊపిరంతా ధారపోశాడే, ఆ అనుకునేవాళ్ళలో ఒక్కరూ లేరు.