గోడలో లేని బల్లి

బల్లి పలకగానే వేలితో నేల తట్టి "సత్యం, సత్యం" అనేవాళ్లలో మీరూ ఉన్నారా? లేమని చెప్పే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఆపరేషన్లు చేసే డాక్టర్లు కూడా బల్ల మీద అలా తట్టడం నేను చూశాను.

నాకు దెయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. శకునాల మీద అసలే లేదు. కాలేజీలో మూఢనమ్మకాల మీద చర్చ పెడితే, నాకు ఎదురు మాట్లాడటానికి అవతలి పక్షంవాళ్లు మనుషుల్ని వెతుక్కోవలసి వచ్చేది. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. అందుకే ఈ సంగతి రాయాలంటే నాకే చిరాకుగా ఉంది.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులవి. యూనివర్సిటీకి దగ్గర్లో ఒక పాత అద్దె ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, నిజామాబాద్ నుంచి వచ్చిన స్వాతి, కాకినాడ నుంచి వచ్చిన సునీత. ముగ్గురిలో నేనే పెద్దదాన్ని. సునీత నర్సింగ్ చదివేది. వృద్ధుల హోమ్‌లో చేసిన మొదటి ప్లేస్‌మెంట్‌లో, అంటే ప్రాక్టికల్ శిక్షణలో, ఆమెను ఫెయిల్ చేశారు. రెండో అవకాశం ఇచ్చారు కానీ, దానికి ఒప్పుకుంటున్నట్టు సోమవారంలోగా చెప్పకపోతే కోర్సు వదులుకున్నట్టే. వాళ్ల నాన్నేమో రోజూ ఫోన్ చేసి, అవమానపడింది చాలు, వచ్చెయ్యమంటున్నారు.

వానలకు ముందు ఆ ఊళ్లో గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. బల్లులకు కొదవే లేదు. ట్యూబ్‌లైటు వెనక, ఫ్రిజ్ కింద, ఎక్కడ చూసినా అవే. కాబట్టి గోడలోంచి బల్లి అరిచిందంటే అందులో వింతేమీ లేదు.

వింత మరొకటి. సునీత ఇంటికి ఫోన్ చేసేది వంటగదిలో సింకు దగ్గర నిలబడి. "వచ్చేస్తాను నాన్నా" అన్నప్పుడల్లా సింకు వెనక గోడలోంచి టక టక టక. వేరే ఏ మాటకూ పలకదు. కూర గురించి మాట్లాడినా, చర్చి గురించి మాట్లాడినా నిశ్శబ్దం. ఆ ఒక్క మాటకే.

"సత్యం!" అని స్వాతి గట్టు మీద తట్టింది. "అయిపాయె. బల్లి జెప్పినంక ఇంకేముంది? టికెట్ బుక్ జేస్కో."

"మేం ఇలాంటివి నమ్మమే" అంది సునీత. కానీ ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. స్వాతి సాంబ్రాణి వేసింది. పొగకు అలారం మోగి పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. సునీత వాళ్ల చర్చి ఆంటీ వచ్చి ప్రార్థన చేసి, సింకు పైన టైల్స్‌కి నూనె రాసి వెళ్లింది. "జస్ట్ లిజర్డే అమ్మా, బట్ వై టేక్ ఎ చాన్స్?" అని ఆమె వాదన. ఆ వంటగదిలో దేవుళ్లందరికీ చోటు దొరికింది. లోపల అసలు బల్లి ఉందా, లేదా అన్న ప్రశ్నకు మాత్రం దొరకలేదు.

నేను హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి, ఉన్నవాటిలో చవకైన ఇన్‌స్పెక్షన్ కెమెరా కొన్నాను. పెన్సిలంత లావు వైరు, దాని కొసన చిన్న లెన్సు, లెన్సు చుట్టూ లైట్లు. రెండో కొస ఫోన్‌కి తగిలిస్తే లోపలిదంతా తెర మీద కనిపిస్తుంది. ఇళ్లలో పైపులు, గోడలు బాగుచేసుకునేవాళ్లు వాడతారు. అక్కడి గోడలు బోలుగా ఉంటాయి. చెక్క చట్రానికి రెండు వైపులా పలకలు కొట్టి ఉంటాయి, మధ్యలో ఖాళీ.

సునీతతో ఒప్పందం చేసుకున్నాను. బల్లి కనిపిస్తే అది ఉత్త బల్లి అరుపే. అప్పుడు నువ్వు ఉండిపోవాలి. సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం సింకు కింద గిన్నెలన్నీ బయట పెట్టి, పైపు గోడలోకి వెళ్లే కంతలోంచి కెమెరా దూర్చాను. తెరంతా ఎర్రగా వచ్చింది.

"రక్తం అక్కా!" అని స్వాతి అరిచింది. సునీత నా భుజం గోళ్లు దిగేలా పట్టుకుంది.

వైరు బయటికి లాగి చూశాను. కుంకుమ. నేను గిన్నెలు సర్దుతున్నప్పుడు స్వాతి కెమెరాకు బొట్టు పెట్టింది.

"కొత్త వస్తువు, బొట్టు పెట్టకుంట ఎట్ల వాడ్తరక్కా?"

"కంటికి పెట్టావే తల్లీ!"

"మొకం అనుకున్న."

ఆ లెన్సు తుడుస్తున్నంతసేపూ స్వాతిని తిడుతూనే ఉన్నాను. ఆ బొట్టే లేకపోతే రక్తమూ ఉండేది కాదు కదా. భయాలన్నీ ఇలాగే తయారవుతాయని వాళ్లకు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మళ్లీ దూర్చాను. ఈసారి స్పష్టంగా కనిపించింది. రెండు పక్కలా నిలువు చెక్కలు, పైన అడ్డ చెక్క, నీళ్ల పైపు, ఒక సాలెగూడు, కింద దుమ్ములో వంకర మేకు. కెమెరాను పైకీ కిందికీ, పైపు వెనకా తిప్పాను. బల్లి లేదు. గుడ్డు లేదు, రెట్ట లేదు.

నీళ్ల వాల్వు కట్టేశాను. ఫ్రిజ్ ఆపేశాను. "వచ్చేస్తాను నాన్నా" అని నేనన్నాను. ఏమీ లేదు. స్వాతి చేత అనిపించాను. ఏమీ లేదు. సునీతను వీధిలోకి తీసుకెళ్లి ఆమె గొంతుతో ఆ మాట స్వాతి ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చి వినిపించాను. ఏమీ లేదు.

చివరికి సునీతను అనమన్నాను. ఆమె నెమ్మదిగా అంది.

టక టక టక.

శబ్దం వచ్చింది కెమెరా ఉన్న చోటునుంచే. తెర మీద సాలెగూడు మూడుసార్లు అదిరింది. దాని ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. మళ్లీ అనమన్నాను. మళ్లీ అలాగే అదిరింది.

స్వాతి తట్టడం కూడా మరిచిపోయింది. బల్లి ఉంటే ఉండిపోవాలన్నాను గానీ, లేకపోతే ఏమిటన్నది నేను ఆలోచించనే లేదు.

సునీత నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

"లోపల ఎవరూ లేరు కదక్కా?"

"లేరు."

"మరి నేను ఇన్నాళ్లూ ఎవరికి భయపడుతున్నట్టు?"

నేల మీద కూర్చుని, ఆ కంత వైపు వంగి, తండ్రి ఎదురుగా ఉన్నట్టే చెప్పింది. "నేను రాను నాన్నా. ఇక్కడే చదువుకుంటాను. నాకు ఈ పని ఇష్టం."

గోడ పలకలేదు. సాలెగూడు కదలలేదు.

ఆ ఇష్టం మాట అప్పటిదాకా మాలో ఎవరూ వినలేదు. అడిగితే కదా! సోమవారం పొద్దున్నే ఆమె యూనివర్సిటీకి ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. రెండో ప్లేస్‌మెంట్ పాసయింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ గోడలోంచి మళ్లీ చప్పుడు రాలేదు.

వీడియో నా దగ్గర ఉంది. ఆ చవక కెమెరాకు మైకు లేదు కాబట్టి శబ్దం లేదు. గూడు అదరడం మాత్రం కనిపిస్తుంది. పైపుల పని తెలిసినవాళ్లకు చూపించాను, ఫిజిక్స్ చెప్పే స్నేహితులకు చూపించాను. పైపు వ్యాకోచం అన్నారు, తేమకు చెక్క ఉబ్బడం అన్నారు. ఆ ఒక్క గొంతుకే, ఆ ఒక్క మాటకే ఎందుకన్నది ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. ఇది చదివి సంబరపడేవాళ్లకు ఒక మాట. నాకు తెలియదు అంటున్నాను, దెయ్యం ఉంది అనడం లేదు. ఆ రెంటికీ మధ్య తేడా తెలియనివాళ్లతో వాదించి ఓపిక నశించింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. మీ ఇంట్లోనూ చదువో, ఉద్యోగమో, పెళ్లో తేల్చుకోలేక నలుగుతున్న అమ్మాయి ఒకరుంటారు. ఆమె గురించి పంతులుగారినీ పాస్టరుగారినీ ఈపాటికే అడిగేసి ఉంటారు. ఇవాళే ఆమెకు ఫోన్ చేయండి. "నీకేం కావాలి?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా వినండి.